ఏ పథకము నిజముగా పనిచేయును? చీటి పరీక్షనుగూర్చి యొక పాఠము

ప్రభుత్వము రైతుల మేలుకొఱకు ఏటేట పథకములను ప్రకటించుచుండును. విత్తనమునకు రాయితీ యొకటి, పంటకు బీమా యొకటి, పెట్టుబడికి సహాయ మొకటి, కూలివారికి పని యొకటి. వీనికి ఖర్చగు ద్రవ్యము మనమందఱము కట్టు పన్నులనుండియే వచ్చును. ఎంత ఖర్చయినదో లెక్క దొరకును. ఎందఱికి చేరినదో పట్టిక దొరకును. కాని ఆ పథకమే లేకపోయినయెడల మన స్థితి యెట్లుండెడిదో, దానివలన అదనముగా కలిగిన మేలు ఎంతయో చెప్పు లెక్క మాత్రము అరుదు.

ఈ లెక్కను నమ్మదగిన రీతిని కట్టుటకు ఉపాయ మొకటి కలదు. పండితులు దీనిని యాదృచ్ఛిక నియంత్రిత పరీక్ష యందురు. మనము సులువుగా చీటి పరీక్ష యని పిలుచుకొందము. ఇది మొదట పుట్టినది పైరుపొలములోనే. అచ్చటినుండి వైద్యశాలకును, తరువాత ప్రభుత్వ కచేరికిని పోయినది. కావున ఇది రైతునకు పరాయి విద్య గాదు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములు కర్నూలు జిల్లాలో నున్న కాలమున ఆ జిల్లాయందే ఇట్టి పెద్ద పరీక్ష యొకటి జరిగినది. దాని ఫలితము కూలివానికి తీపి, రైతునకు కొంత చేదు. ఆ సంగతిని దాచక ఈ పాఠమున వివరింపదలచితిమి.

1. పోలికలోని మోసములు

ఆళ్లగడ్డ ప్రాంతమున నల్లరేగడి నేలలో శనగ వేయు గ్రామమొకటి కలదనుకొందము. అచ్చట క్రొత్త విత్తనమును రాయితీపై ఇచ్చిరి. ఆ యేడు ఎకరమునకు రెండు బస్తాలు అధికముగా పండినవి. విత్తనము మంచిదని నిశ్చయింపవచ్చునా?

మొదటి మోసము ముందువెనుకల పోలిక. శనగ పదునుపై పండు పైరు. అక్టోబరులో ఒక మంచి వాన పడినచో ఏ విత్తనమైనను బాగుగా మొలచును. పచ్చపురుగు తక్కువైన యేడు ఏ చేనైనను నాలుగు కాయలు ఎక్కువ కాయును. పోయిన యేటితో ఈ యేటిని పోల్చునప్పుడు వాన చేసిన మేలును విత్తనము ఖాతాలో వ్రాసికొందుము.

రెండవది పుచ్చుకొన్నవారిని పుచ్చుకొననివారితో పోల్చుట. రాయితీ విత్తనము వచ్చినదని తెలిసిన వెంటనే కచేరికి పోయి వరుసలో నిలుచువారెవరు? చదువు, తీరిక, చేతిలో కొంత రొక్కము కలవారు. వారి పొలము ముందునుండియు మేలైనదే, వారు ఎరువు వేయుటయు సకాలముననే. వారికి పాతవిత్తనమే ఇచ్చినను పొరుగువానికంటె ఎక్కువ పండించియుందురు.

మూడవది ఊరితో ఊరిని పోల్చుట. కే.సి. కాలువ క్రిందనున్న గ్రామమును మెట్టగ్రామముతో పోల్చి, భేదమంతయు పథకము చలవయే యనుట కాలువను మఱచుటయే.

ఈ మోసము ఒక్కొక్కప్పుడు ఎదురుదారిని గూడ నడచును. కఱవు సహాయము కఱవుగ్రామములకే పోవును. సహాయము పొందిన గ్రామములను పొందని గ్రామములతో పోల్చినయెడల పొందినవియే బీదవిగా కనబడును. దానినిబట్టి సహాయమువలననే బీదరికము కలిగినదనుట, మందు త్రాగువాడే రోగి కావున మందే రోగమును తెచ్చినదనుటవంటిది.

ఈ మూడింటికిని మూలమొక్కటే. పోల్చబడు రెండు పక్షములును ముందునుండియే సమానములు కావు. సమానములు కాని త్రాసుతట్టలతో తూచినచో తూకము తప్పక తీరదు.

2. పొలములోని చీటి

నంద్యాల వ్యవసాయ పరిశోధనాక్షేత్రము 1906 లో స్థాపింపబడినది. నరసింహ పత్తి, సూర్యనంది కొఱ్ఱ, యంత్రముతో కోయుటకు వీలుగా నిటారుగా పెరుగు ధీర శనగ మొదలగు రకములు అచ్చటినుండియే మన పొలములకు వచ్చినవి. ఇట్టి క్షేత్రములందు ఒక రకము రెండవదానికంటె మేలైనదని ఎట్లు తేల్చుదురో చూతము.

ఏ చేనైనను అంతట ఒకే తీరుగా నుండదు. ఒక కొన పల్లమై తేమ నిలుపుకొనును. ఒక కొన గట్టుప్రక్క ఒండు పట్టియుండును. ఒక మూల వేపచెట్టు నీడ పడును. పరిశోధకుడు తనకు ముద్దైన రకమును తెలిసియో తెలియకయో మంచి మూలలో వేసినచో పరీక్ష చెడును. అందుచేత చేనిని వాలునుబట్టి కొన్ని పట్టీలుగా విభజింతురు. ప్రతి పట్టీని మడులుగా కొట్టుదురు. ప్రతి పట్టీయందును అన్ని రకములును ఉండును. కాని ఏ మడిలో ఏ రకమనునది చీటి తీసి నిర్ణయింతురు. ఇట్లు పట్టీ తరువాత పట్టీగా మరల మరల వేయుటచే, ఒకచోట పల్లము పొందిన రకము వేఱొకచోట మిట్టను పొందును. కడకు మిగులు భేదము రకముదే యగును. అదృష్టముచే ఎంత భేదము కలుగవచ్చునో కూడ గణితముచే తెలియును.

ఈ పద్ధతిని శాస్త్రముగా తీర్చినవాడు ఇంగ్లండునందలి రోథంస్టెడు వ్యవసాయక్షేత్రమున 1919 లో చేరిన రొనాల్డు ఫిషరు. ప్రయోగముల రచననుగూర్చి ఆయన గ్రంథము 1935 లో వెలువడినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన మన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు ఈ ఫిషరువద్దనే కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి, ప్రయోగ రచనకు అక్కఱకువచ్చు క్రొత్త గణితమును లోకమునకిచ్చిరి.

మన గ్రామములలో జరుగు పంటకోత ప్రయోగమునందును ఈ చీటియే కలదు. కోతకు వచ్చిన యుద్యోగి తనకు నచ్చిన చేనిలో, నచ్చిన మూలలో కొలతపెట్టి కోయరాదు. ఏ చేనో, చేనిలో ఏ తావో సంఖ్యల పట్టికనుబట్టియే నిర్ణయింపవలెను. అట్లు గానియెడల బాగుగా పండిన మూలను కోసి మనకు బీమా రాకుండ చేయవచ్చును, ఎండిన మూలను కోసి లేని నష్టమును చూపవచ్చును. చీటి ఈ రెండు పక్షపాతములను గూడ ఆపును.

3. పొలమునుండి ప్రజలకు

మనుష్యులకు ఇచ్చు మందులయందు ఈ పద్ధతి ఇంగ్లండులో స్ట్రెప్టోమైసిను పరీక్షతో 1948 నాటికి ప్రసిద్ధమైనది. మనకు దగ్గఱి యుదాహరణము మదరాసు. క్షయరోగిని ఆరోగ్యశాలలో పడుకొనబెట్టి మంచి తిండి, విశ్రాంతి ఇచ్చినగాని నయముకాదని యప్పటి నమ్మకము. దేశమున రోగులు లక్షలు, మంచములు వేలు. 1956 లో మదరాసున నెలకొల్పబడిన క్షయచికిత్సాకేంద్రమువారు బీదరోగులను చీటివేసి కొందఱిని ఆరోగ్యశాలకు పంపిరి, కొందఱిని ఇంటియందేయుంచి మందులిచ్చిరి. 1959 లో ప్రకటితమైన ఫలితము లోకమును ఆశ్చర్యపఱచెను. ఇంటనున్నవారికిని దాదాపు సమానముగా నయమైనది, ఇంటివారికి రోగము అంటుటయు అధికము కాలేదు. దీనితో అనేక దేశముల ప్రభుత్వములు క్షయచికిత్సా విధానమునే మార్చుకొనెను. మంచము దొరకని లక్షలమందికి చికిత్స దొరకెను. ఒక సందేహమును చీటివేసి తీర్చుటవలన కలుగు ప్రయోజన మిట్టిది.

ఇటీవలి కాలమున ఈ పద్ధతినే పాఠశాలలు, అప్పులు, బీమా, కూలి మొదలగు విషయములకు అన్వయించిరి. ఇందు కృషిచేసిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డూఫ్లో, మైకేల్ క్రేమర్ అనువారికి 2019 లో అర్థశాస్త్రమున నోబెలు బహుమానము లభించెను.

4. మన జిల్లాలో జరిగిన పరీక్ష

2010 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఉపాధి హామీ కూలి చాలవఱకు తపాలా కచేరీలద్వారా చెల్లుచుండెను. సొమ్ము జాప్యమగుట, నడుమ కొంత జారిపోవుట అందఱును ఎఱిగినదే. దీనికి విరుగుడుగా ప్రభుత్వము స్మార్టు కార్డులను తలపెట్టినది. కూలివాని వ్రేలిముద్ర కార్డునందుండును. ఆ గ్రామముననే నివసించు ప్రతినిధి, సాధారణముగా మహిళాసంఘములోని స్త్రీ, చిన్న యంత్రముపై వ్రేలిముద్ర సరిచూచి సొమ్ము చేతికిచ్చును. వృద్ధుల పింఛను గూడ ఇట్లే.

ఎనిమిది జిల్లాలలో ఈ పని క్రొత్తగా మొదలుపెట్టవలసి యుండెను: ఆదిలాబాదు, అనంతపురము, కడప, ఖమ్మము, కర్నూలు, నల్లగొండ, నెల్లూరు, విజయనగరము. నంద్యాల, ఆళ్లగడ్డలు అప్పుడు కర్నూలు జిల్లాలోనివి. నంద్యాల ప్రత్యేక జిల్లాయై ఆళ్లగడ్డ అందు చేరినది 2022 ఏప్రిలు 4 వ తేదిన. యంత్రములను, ప్రతినిధులను, కార్డులను అన్ని మండలములకును ఒక్కసారి పంపుట సాధ్యముకాదు. ఎవరో ముందు, ఎవరో వెనుక. ఆ ముందువెనుకలను సిఫారసులనుబట్టి నిర్ణయింపక చీటివేసి నిర్ణయించుటకు ప్రభుత్వము సమ్మతించెను. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అను అర్థశాస్త్రజ్ఞులు పరీక్షను నడపిరి.

ఆ ఎనిమిది జిల్లాల 405 మండలములలో, ముందే కార్డులు మొదలైనవియు పూర్తిగా పట్టణమైనవియు తీసివేయగా 296 మండలములు చీటికి నిలిచెను. అందు 112 మండలములకు కార్డులు ముందుగా వచ్చినవి. 45 మండలములకు అందఱికంటె వెనుక. తక్కిన 139 నడుమ వరుసలోనివి. మొదటి గుంపును కడపటి గుంపుతో పోల్చుట పరీక్ష. ఈ మండలములలో కోటి 90 లక్షలమంది గ్రామీణులు నివసించుచుండిరి. ఇంత పెద్ద చీటి పరీక్షలు లోకముననే అరుదు.

పరీక్షకులు ప్రభుత్వపు లెక్కలను మాత్రమే చూచి ఊరకుండలేదు. 2010 లోను 2012 లోను ఇండ్లకు పోయి, ఏ వారమున ఎన్ని దినములు పనిచేసితిరి, ఎంత చేతికి వచ్చినదని విచారించిరి. దానిని కచేరి లెక్కతో సరిచూచిరి. ఒక ధర్మమును గూడ పాటించిరి. ఎంపికైన మండలములలో రెండేండ్లకు సగము చెల్లింపులే క్రొత్త పద్ధతికి మాఱినవి. అయినను కార్డు అందినవారిని మాత్రమే ఏరి లెక్కింపక మండలమంతటిని లెక్కించిరి. కార్డు బాగుగా నడచిన ఊళ్లను ఏరుకొన్నచో మరల రెండవ మోసమే తలయెత్తును గదా.

ఫలితము లిట్టివి. కూలి సొమ్ము పుచ్చుకొనుటకు పట్టు కాలము 22 నిమిషములు, అనగా అయిదవవంతు, తగ్గెను. పని చేసిన నాటికిని సొమ్ము అందిన నాటికిని నడుమ జాప్యము సుమారు 6 మొదలు 10 దినములవఱకు తగ్గెను. ఉపాధి పనివలన ఇంటికి వచ్చు ఆదాయము నూటికి 24 వంతులు పెరిగెను. ప్రభుత్వపు ఖర్చు మాత్రము పెరుగలేదు. అనగా నడుమ జారిపోవు సొమ్మే ఇంటికి చేరినది. ఆ జారుడు నూటికి 41 వంతులు తగ్గెను. కూలివారికి మిగిలిన కాలమును విలువగట్టినచో అదొక్కటియే కార్డుల ఖర్చునకు సరిపోయెను.

ఒక దశయందు ఈ కార్డులను ఎత్తివేయవలెనను ఆలోచన పుట్టినది. పైవారికి పోవు కబుర్లు చాలవఱకు క్రింది యుద్యోగుల నోటినుండియే పోవును. జారిపోవు సొమ్ము ఆగినందున కష్టము తోచినవారి గొంతు వినబడును, లాభము పొందిన కూలివాని గొంతు రాజధానివఱకు వినబడదు. కార్డు పొందినవారిలో నూటికి 90 మందికి పైగా క్రొత్త పద్ధతియే మేలనిరను లెక్క అధికారుల ముందుండుట పథకము నిలుచుటకు తోడ్పడెను. మాటలేనివారికి లెక్క నోరైనది.

5. రైతునకు చేదైన ఫలితము

ఇచ్చట ముగించినచో మేము సగమే చెప్పినవారమగుదుము. కూలిపని పథకము బాగుపడినచో పొలము చేయించుకొను రైతు గతి యేమని మన సభలలో తఱచుగా వినబడు ప్రశ్న. దీనికిని ఆ పరీక్షయే సమాధానమిచ్చినది. 2023 లో ప్రకటింపబడిన రెండవ పరిశోధనలో తేలిన దేమనగా, కార్డులు ముందుగా వచ్చిన మండలములలో పథకమునందు చేరిన బీద కుటుంబముల ఆదాయము నూటికి 14 వంతులు పెరిగెను. ఆ పెరుగుదలలో నూటికి 86 వంతులు ఉపాధి పనినుండి గాక, ఇతరులవద్ద చేసిన పనినుండి వచ్చినది. ప్రభుత్వపు పని సకాలమున సొమ్మిచ్చునని నమ్మకము కుదురగా, కూలివాడు తక్కువ కూలికి ఒప్పుకొనడాయెను. బయటి కూలి పెరిగెను.

పనికి మనుష్యులు దొరకకుండ పోవుదురను భయము మాత్రము నిలువలేదు. బయటి పని తగ్గకపోగా పెరిగెను. భూమి కొద్దిమంది చేతులలో నున్న ఊళ్లలో ఈ పెరుగుదల మఱింత యధికము. పండితులు దీనికి చెప్పు కారణ మిది: పని ఇచ్చువారు కొద్దిమందియైనచోట కూలి ఉండవలసిన మట్టముకంటె తక్కువగా నుండెను, వేఱొక దారి తెఱవబడగా అది తన మట్టమునకు వచ్చెను. అయితే భూమినుండి యజమానికి మిగులు ఫలము తగ్గినదని గూడ ఆ పరిశోధనయే నిస్సంకోచముగా చెప్పుచున్నది.

ఈ ఫలితమును రైతుసంఘపు పత్రిక ఎట్లు స్వీకరింపవలెను? మాకు తోచునది యిది. మన సభ్యులలో చాలమంది రెండు మూడెకరములవారు. తమ చేను కోయించుకొనునాడు కూలి ఇత్తురు, మఱునాడు ఇంకొకరి చేనిలో కూలికి పోవుదురు. వారికి ఒక చేత పోయినది మఱియొక చేత వచ్చును. పెద్దకమతము వానికి నష్టము నిజమే. ఆ నష్టమును చూపి గిట్టుబాటు ధర కోరుట న్యాయము. కాని ఆ నష్టమును చూపి బీదవాని కూలి వానికి అందలేదనుటయు, పథకము పనిచేయలేదనుటయు న్యాయము గాదు. తనకు అనుకూలమైనప్పుడు మాత్రమే త్రాసును మెచ్చుకొనువాడు త్రాసును మెచ్చినట్లు కాదు.

6. రైతులకు సంబంధించిన మఱి మూడు పరీక్షలు

మొదటిది ఫోను పరీక్ష. 2018 లో తెలంగాణ ప్రభుత్వము రైతుబంధు పేర, ఎకరమునకు పంటకు 4000 రూపాయల వంతున, 57 లక్షలమంది పట్టాదారులకు చెక్కులు పంచెను. చీటిలో వచ్చిన మండలముల వ్యవసాయాధికారులకు, మీ రైతులకు ఫోను చేసి చెక్కు అందినదా యని విచారింతుమని ముందుగా తెలియజేసిరి. తక్కిన మండలములలో అట్లు చెప్పలేదు. విచారణ కలదని తెలిసినచోట చెక్కు అందని రైతుల సంఖ్య నూటికి 7.8 వంతులు తగ్గెను. అదనముగా రైతునకు చేరిన ప్రతి నూఱు రూపాయలకు అయిన ఖర్చు 3 రూపాయల 60 పైసలే. రైతును అడుగుదురను మాటయే పనిచేసినది.

రెండవది వానబీమా పరీక్ష. అనంతపురము, మహబూబ్‌నగరు జిల్లాల గ్రామములలో, వాన కొలతనుబట్టి చెల్లించు బీమాను రైతులు ఏల కొనరో తెలిసికొనుటకు ధరను, చెప్పువానిని, చేతిలోని రొక్కమును చీటివేసి మార్చి చూచిరి. ధర తగ్గించినచో కొనువారు పెరిగిరి. అయినను ధర యొక్కటియే యడ్డు గాదు. ఊరివారికి నమ్మకమైన సంస్థ మనిషి పరిచయము చేసినప్పుడు ఎక్కువమంది కొనిరి. ఆ సమయమున చేతిలో రొక్కము ఉన్నవారు మఱింత యధికముగా కొనిరి. విత్తుకాలమున చేయి వట్టిదైనవానికి బీమా పత్రము ఎంత చవుకయైనను బరువే. తరువాత 2009 లో కొందఱు రైతులకు బీమాను ఉచితముగా నిచ్చి చూడగా, వారు వేరుసెనగ, ఆముదమువంటి వానపై ఆధారపడు వాణిజ్యపు పంటలను ఎక్కువ ధైర్యముతో వేసిరి. బీమా ఫలము నష్టపరిహారమునందేగాక, విత్తునప్పటి ధైర్యమునందును కలదని దీనివలన తెలిసినది.

మూడవది తొలకరి పరీక్ష. 2022 లో తెలంగాణయందు 250 గ్రామములు తీసికొని, చీటిలో వచ్చిన గ్రామములవారికి ఋతుపవనము ఎప్పుడు వచ్చునో కొన్ని వారములు ముందుగా తెలియజేసిరి. ఆలస్యమగునని తెలిసినవారు సాగుభూమిని నూటికి 22 వంతులు తగ్గించుకొని, పెట్టుబడిని కాపాడుకొనిరి. శుభవార్త విన్నవారు పెట్టుబడిని పెంచిరి. వర్తమానము నమ్మదగినదై ముందుగా వచ్చినచో రైతు దానినిబట్టి నడుచుకొనునని తేలెను.

7. చీటి పరీక్షకు గల హద్దులు

ఏ పనిముట్టునకైనను హద్దు కలదు. గుంటకతో కలుపు తీయవచ్చును, కలుపుగుంటకతో కోత కోయలేము.

ఒకచోట తేలినది వేఱొకచోట తేలకపోవచ్చును. వ్రేలిముద్రయే తీసికొందము. ఆంధ్రదేశమున అది కూలివానికి మేలు చేసెను. ఝార్ఖండు రాష్ట్రమున చౌకబియ్యమునకు వ్రేలిముద్రను తప్పనిసరి చేసినప్పుడు ఆ పండితులే చీటి పరీక్ష నడపిరి. ఆ నిర్బంధమువలన బియ్యము జారిపోవుట తగ్గలేదు. కార్డుదారులకు శ్రమయు ఖర్చును నూటికి 17 వంతులు పెరిగెను. ముందుగా ఆధారు జతచేసికొనని నూటికి 23 మందికి అందు బియ్యము నూటికి 10 వంతులు తగ్గెను. యంత్ర మించుమించుగా ఒక్కటే, నడపిన తీరు వేఱు. ఇచ్చట గ్రామముననే చెల్లించు మనిషిని గూడ ఏర్పఱచిరి, అచ్చట ఉన్న దుకాణమునకే యంత్రమును జోడించిరి. కావున ఏ పరీక్ష ఫలితమును చూచినను, ఏమి చేసిరనుటతోబాటు ఎట్లు చేసిరనునది గూడ అడుగవలెను.

కాలువ త్రవ్వుట, జలాశయము కట్టుట, నంద్యాల బజారులో ధర నిలుకడ మొదలగువానిని చీటివేసి పరీక్షింపలేము. వానికి వేఱు విచారణలు కలవు. ఒక ఊరికిచ్చినది ప్రక్క యూరికి ప్రాకినచో భేదము మాసిపోవును. అందుచేతనే పైపరీక్షలలో మనుష్యులను గాక మండలములను, గ్రామములను చీటివేసిరి.

ధర్మమునుగూర్చియు ఒక మాట. చట్టముచే హక్కైనదానిని, మేలని నిశ్చయముగా తెలిసినదానిని చీటిపేర నిలుపరాదు. సందేహము నిజమైనప్పుడు గాని, ఉన్నది అందఱికిని ఒకసారి చాలనప్పుడు గాని చీటి తగును. చాలనప్పుడు చీటికంటె న్యాయమైన వరుస మఱియొకటి లేదు. అది ధనవంతుని ఎఱుగదు, సిఫారసు వినదు.

8. మన సంఘమున చేయదగినది

ఈ విద్యను ఒక రబీ పంటతో మనమే అభ్యసింపవచ్చును. శనగకు ఎండుతెగులు తగులకుండ ట్రైకోడెర్మా పొడిని విత్తనమునకు పట్టించుట మంచిదని సలహా. మన నేలలో ఎంత మేలు చేయునో చూడదలచినచో ఇట్లు చేయుడు.

ఇరువదిమంది సభ్యులు ముందుకు రావలెను. ఒక్కొక్కరు ఒకే తీరునున్న ఎకరము చేనిని రెండు అరయెకరములుగా పంచి, నడుమ రెండు సాళ్లు విడువవలెను. పొడి పట్టించిన విత్తనము ఏ సగమున వేయవలెనో సంఘపు కార్యదర్శి పదిమంది యెదుట నాణెమెగురవైచి నిర్ణయింపవలెను, రైతు నిర్ణయింపరాదు. తక్కిన సేద్యమంతయు రెండుసగములకును సమానముగా నుండవలెను. ఏమి తూచెదమో, ఎప్పుడు తూచెదమో విత్తుటకు ముందే పుస్తకమున వ్రాసికొనవలెను. కోతనాడు అంచుసాళ్లను విడిచి, ఎండిన గింజను ఒకే కాటాపై తూచవలెను. తూచువానికి ఏది ఏ సగమో తెలియకుండుట మంచిది.

ఇప్పుడు ఫలితము చదువు విధము. పొడివలన ఏమియు ప్రయోజనము లేదనుకొందము. అప్పుడును ఇరువది చేలలో సుమారు పదింట పొడి వేసిన సగమే గెలుచును, నాణెము బొమ్మపడినట్లే. 12 చేలలో గెలిచినచో సంతోషింపకుడు. ఏ గుణము లేకున్నను 12 గాని అంతకుమించి గాని గెలుచుట నాలుగుసార్లకొకసారి కేవలము అదృష్టముచే జరుగును. 15 గాని అంతకుమించి గాని గెలిచినచో, అట్లు అదృష్టముచే జరుగుట నూటికి రెండుసార్లే. అప్పుడు పొడికి గుణము కలదని నమ్మవచ్చును. నమ్మిన తరువాత గూడ ఒక లెక్క మిగిలియున్నది: అధికముగా పండిన శనగ విలువ పొడి వెలకును శ్రమకును మించినదా? మించకున్నచో గుణము కలిగియు లాభము లేనిదే యగును. ఓడినను గెలిచినను ఫలితమును ఉన్నదున్నట్లు సంఘపు పలకపై వ్రాయవలెను. గెలిచిన పరీక్షలనే చెప్పుకొను ఊరు తన్ను తానే మోసగించుకొనును.

ఇట్లు స్వయముగా తూచి నేర్చినవారమై, ప్రభుత్వమును మూడు సంగతులు అడుగుదము. అందఱికిని ఒకసారి అందింపలేని పథకమునకు ముందువెనుకలను బహిరంగముగా చీటివేసి నిర్ణయింపుడు. దేనిని కొలిచెదరో ముందుగానే ప్రకటింపుడు. ఫలితము మంచిదైనను చెడ్డదైనను తెలుగున వ్రాయించి పంచాయతి గోడపై అంటింపుడు. ఈ మూడు సంగతులను తీర్మానముగా ప్రతి సంఘమును సభయందు చర్చించి పంపవచ్చును. వరము కోరుటకంటె లెక్క కోరుట గౌరవప్రదమైన పని. నాణెము నెగురవైచి నిజమును తెలిసికొన నేర్చిన రైతు ఏ కచేరి ముందైనను ఆ లెక్కను అడుగుటకు అర్హుడు.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మీ గ్రామమునకు గత మూడేండ్లలో వచ్చిన పథకమొకటి తీసికొనుడు. దానివలన మేలు కలిగినదని చెప్పువారు ఎవరిని ఎవరితో పోల్చుచున్నారు? పైని చెప్పిన మూడు మోసములలో ఏదైన అందు కలదా?

2. స్మార్టు కార్డుల పరీక్షలో కార్డు అందినవారిని మాత్రమే లెక్కించియుండినచో ఫలితము ఏల నమ్మరానిదయ్యెడిది?

3. కూలి పెరుగుటవలన మీ సంఘ సభ్యులలో లాభము పొందువారెందఱు, నష్టపడువారెందఱు? ఇద్దఱును అయినవారెందఱు?

4. మీ సంఘమునకు పది యంత్రములు వచ్చి, కోరువారు నలుబదిమంది యున్నచో ఎట్లు పంచెదరు? ఆ పంపకమునుండియే యంత్రము ప్రయోజనమును గూడ ఎట్లు తెలిసికొనవచ్చును?